ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డు మార్చుకోవచ్చా?

ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ ముగిసి కళాశాలలు తెరుచుకునే వేళకు తెలుగు రాష్ట్రాల్లో ఎన్నో ఇళ్లకు కొత్త ల్యాప్‌టాప్ వస్తుంది. నాలుగేళ్ల చదువు దీనితోనే గట్టెక్కాలన్నది తల్లిదండ్రుల లెక్క. రెండో ఏడు గడిచేసరికి ఆ లెక్క తప్పడం మొదలవుతుంది. మెకానికల్ విద్యార్థి గీసిన త్రీడీ నమూనా తెరపై తిరగనని మొరాయిస్తుంది. కంప్యూటర్ సైన్స్ విద్యార్థిని ప్రాజెక్టు సగంలో ఉండగా మెమరీ చాలదన్న హెచ్చరిక ప్రత్యక్షమవుతుంది. వీడియో గేములు ఆడేవారి సంగతి సరేసరి. అప్పుడు పుట్టే ప్రశ్న ఒకటే: ర్యామ్ పెంచుకున్నట్టు, ఎస్‌ఎస్‌డీ వేయించుకున్నట్టు గ్రాఫిక్స్ కార్డును కూడా మార్పించుకోలేమా?

ఇప్పుడు అమ్ముడవుతున్న ల్యాప్‌టాప్‌లలో దాదాపు అన్నింటి విషయంలోనూ జవాబు ‘లేము’ అనే. మినహాయింపులు ఉన్నాయి కానీ అవి వేళ్లపై లెక్కించదగినవి. ఎందుకు కుదరదో తెలియకపోతే మాత్రం డబ్బు పోగొట్టుకోవడానికి రెండు దారులు తెరుచుకుంటాయి. ‘తర్వాత వేయించుకోవచ్చులే’ అన్న మాట నమ్మి తక్కువ సామర్థ్యమున్న యంత్రం కొనడం ఒకటి. జరగని మార్పిడి కోసం మరమ్మతు దుకాణాల చుట్టూ తిరిగి వేలు పోయడం రెండోది.

పేరులోనే ఉన్న చిక్కు

తెలుగులో ‘కార్డు’ అనగానే రేషన్ కార్డు, ఏటీఎం కార్డు, సిమ్ కార్డు గుర్తొస్తాయి. చేతితో పట్టుకోగలిగేది, ఒకచోట నుంచి తీసి మరోచోట పెట్టగలిగేది కార్డు. డెస్క్‌టాప్ కంప్యూటర్ విషయంలో ఈ మాట అక్షరాలా నిజం. అందులోని గ్రాఫిక్స్ కార్డు విడిగా పెట్టెలో అమ్మే వస్తువు. సొంత ఫ్యాన్లు, సొంత మెమరీ ఉన్న పలక. మదర్‌బోర్డు మీది పొడవాటి స్లాట్‌లో దాన్ని గుచ్చి, ఒకటి రెండు స్క్రూలు బిగించి, పవర్ సప్లై నుంచి తీగ తగిలిస్తే సరిపోతుంది. పాతది తీసి కొత్తది పెట్టడం అలవాటున్నవారికి పావుగంట పని.

ఆ మాటే ల్యాప్‌టాప్ ప్రకటనల్లోకి, దుకాణాల్లోని ధరల చీటీల్లోకి యథాతథంగా వచ్చి చేరింది. మాట మారలేదు, వస్తువు మారిపోయింది. ల్యాప్‌టాప్‌లో ఉండేది కార్డు కాదు, చిప్. దాని అడుగున వందలాది చిన్న చిన్న టంకపు గుండ్లు ఉంటాయి. వాటిని కరిగించి చిప్‌ను మదర్‌బోర్డుకు శాశ్వతంగా అతికిస్తారు. చుట్టూ ఉండే వీడియో మెమరీ చిప్‌లను కూడా అలాగే టంకం వేసి అతికిస్తారు. ఊడదీయడానికి స్లాట్ లేదు, స్క్రూ లేదు. ఇంట్లో ట్యూబ్‌లైటు మార్చడానికీ గోడలోపలి వైరింగు మార్చడానికీ ఎంత తేడా ఉందో ఇక్కడా అంతే తేడా.

నిజానికి తక్కువ, మధ్యస్థాయి ధరల్లో దొరికే చాలా ల్యాప్‌టాప్‌లలో ఆ విడి చిప్ కూడా ఉండదు. ప్రాసెసర్‌లోనే ఒక భాగం గ్రాఫిక్స్ పని చూసుకుంటుంది. ఇంటెల్ యూహెచ్‌డీ, ఇంటెల్ ఐరిస్ ఎక్స్‌ఈ, ఏఎండీ రేడియాన్ గ్రాఫిక్స్ అన్న పేర్లతో కనిపించేవి సాధారణంగా ఇవే. వీటికి సొంత మెమరీ లేదు. ర్యామ్‌లోంచే కొంత వాడుకుంటాయి. వీటిని మార్చాలంటే ప్రాసెసర్‌నే మార్చాలి. ప్రాసెసర్ కూడా మదర్‌బోర్డుకు అతుక్కునే ఉంటుంది. 2020 నవంబరు నుంచి ఆపిల్ సొంత చిప్‌లతో తెస్తున్న మ్యాక్‌బుక్‌లలో ప్రాసెసర్, గ్రాఫిక్స్ ఒకే చిప్‌లో ఇమిడిపోయాయి, మెమరీ కూడా అదే ప్యాకేజీలో చేరింది. అక్కడ మార్పిడి అన్న ఆలోచనకే తావు లేదు.

తమ యంత్రంలో ఏ రకం ఉందో తెలుసుకోవడం తేలిక. విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి ‘పెర్ఫార్మెన్స్’ విభాగం చూస్తే ‘జీపీయూ 0’, ‘జీపీయూ 1’ అన్న వరుసలు కనిపిస్తాయి. ఒక్కటే వరుస ఉండి అందులో పైన చెప్పిన పేర్లలో ఏదైనా ఉంటే అది ప్రాసెసర్‌లోని గ్రాఫిక్సే. అక్కడే ‘డెడికేటెడ్’, ‘షేర్డ్’ అని రెండు రకాల మెమరీ లెక్కలు ఉంటాయి. మొదటిది చిప్ సొంత మెమరీ. రెండోది అవసరమైతే ర్యామ్ నుంచి తీసుకోగలిగిన అరువు; మామూలుగా ఇది ర్యామ్‌లో సగం. ఈ తేడా తెలియనివారికి 16 జీబీ ర్యామ్, 4 జీబీ సొంత గ్రాఫిక్స్ మెమరీ ఉన్న యంత్రాన్ని ‘12 జీబీ గ్రాఫిక్స్’ అని అంటగట్టడం కష్టమేమీ కాదు. నాలుగు సొంతానివి, ఎనిమిది అరువువి. అరువు మెమరీ వేగం సొంత మెమరీ వేగానికి దరిదాపుల్లోకి రాదు.

అతికించడం ఎందుకు?

కంపెనీలు కొత్త యంత్రాలు అమ్ముకోవడానికే ఇలా చేస్తున్నాయన్న ఆరోపణ తరచూ వినిపిస్తుంది. అందులో కొంత నిజం లేకపోలేదు. కానీ అది సగం కథ మాత్రమే. మిగతా సగం మందం, వేడి, విద్యుత్తు అనే మూడింటికి సంబంధించినది.

చిప్‌ను విడి పలక మీద పెట్టి కనెక్టర్ ద్వారా మదర్‌బోర్డుకు తగిలిస్తే రెండు పలకలు, ఒక కనెక్టర్ ఒకదానిపై ఒకటి చేరి మందం పెరుగుతుంది. 2011లో ఇంటెల్ ‘అల్ట్రాబుక్’ పేరిట పలుచని ల్యాప్‌టాప్‌లను ముందుకు తెచ్చాక మిల్లీమీటర్ల లెక్కే పోటీకి కొలమానమైంది. సంచిలో తేలికగా ఇమిడే యంత్రం కావాలని అడిగినవారిలో కొనుగోలుదారులూ ఉన్నారు. విప్పి మార్చుకోగల భాగాలు ఒక్కొక్కటిగా మాయం కావడం ఆ కోరికకు చెల్లించిన మూల్యం.

వేడి సంగతి ఇంకా కీలకం. డెస్క్‌టాప్ కార్డు తన వేడిని తన ఫ్యాన్లతో తానే వదిలించుకుంటుంది. ల్యాప్‌టాప్‌లో మాత్రం ప్రాసెసర్‌కూ గ్రాఫిక్స్ చిప్‌కూ కలిపి రాగి గొట్టాలు, ఒకటి రెండు ఫ్యాన్లు ఉంటాయి. ఆ రాగి పలక ఆకృతి ఆ మోడల్‌లోని చిప్‌ల ఎత్తుకు, స్థానానికి సరిగ్గా అమరేలా చేసినది. వేరే చిప్ పెడితే పలక దానికి ఆనదు. ఆనినా అదనపు వేడిని మోయలేదు.

విద్యుత్తు లెక్క చూస్తే విషయం మరింత స్పష్టమవుతుంది. ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 4090 డెస్క్‌టాప్ కార్డుకు అనుమతించిన విద్యుత్ పరిమితి 450 వాట్లు. మామూలు పలుచని ల్యాప్‌టాప్‌తో వచ్చే చార్జర్ మొత్తం సామర్థ్యం 65 వాట్లు. ఆ 65 వాట్లతోనే తెర వెలగాలి, ప్రాసెసర్ నడవాలి, బ్యాటరీ నిండాలి. ల్యాప్‌టాప్ కోసం ప్రత్యేకంగా చేసిన ఆర్‌టీఎక్స్ 4060 చిప్ ఒక్కటే 115 వాట్ల దాకా తీసుకోగలదు. ఒకవేళ మాయ చేసి ఆ చిప్‌ను అతికించినా దానికి విద్యుత్తు అందించే భాగాలు బోర్డు మీద ఉండవు. వీటన్నింటికీ తోడు ల్యాప్‌టాప్‌లోని బయోస్ తన కోసం నిర్దేశించిన చిప్‌నే గుర్తుపడుతుంది. ఫ్యాన్ ఎప్పుడు వేగం పుంజుకోవాలి, ఎన్ని వాట్లు దాటకూడదు అన్న ఆదేశాలన్నీ ఆ చిప్‌కు తగ్గట్టే ముందుగా రాసి ఉంటాయి.

మార్చుకోగలిగిన రోజులు

ల్యాప్‌టాప్ గ్రాఫిక్స్‌ను నిజంగానే కార్డుగా తయారుచేసిన కాలం ఒకటి ఉంది. 2004లో ఎన్‌విడియా ‘ఎంఎక్స్‌ఎం’ అనే ప్రమాణాన్ని ప్రతిపాదించింది. అరచేతిలో ఇమిడే చిన్న పలకపై గ్రాఫిక్స్ చిప్, మెమరీ అమర్చి, దాన్ని ర్యామ్ తరహాలో ఒక స్లాట్‌లో తగిలించే ఏర్పాటు అది. ఏ కంపెనీ కార్డునైనా ఏ కంపెనీ ల్యాప్‌టాప్‌లోనైనా పెట్టుకోవచ్చన్నది దాని వెనుక ఉన్న ఆశ. క్లెవో, ఎంఎస్‌ఐ, ఏలియన్‌వేర్ గేమింగ్ ల్యాప్‌టాప్‌లలోనూ, డెల్, హెచ్‌పీ తయారుచేసిన బరువైన వర్క్‌స్టేషన్లలోనూ ఈ కార్డులు కనిపించేవి.

ఆశ పూర్తిగా నెరవేరలేదు. స్లాట్ ఒకటే అయినా కార్డు మీద చిప్ స్థానం, స్క్రూ రంధ్రాలు, రాగి పలక ఆకృతి కంపెనీకో తీరుగా ఉండేవి. ఒక కంపెనీ ల్యాప్‌టాప్‌లోని బయోస్ మరో కంపెనీ కార్డును నిరాకరించేది. చిప్‌ల ఆకలి పెరిగేకొద్దీ తయారీదారులు ప్రమాణం చెప్పిన కొలతలను దాటి సొంత ఆకారాల్లో కార్డులు చేయసాగారు. కార్డులు మామూలు దుకాణాల్లో దొరికేవి కావు. దొరికినా ధర చుక్కలనంటేది. చివరికి పట్టుదలగల అభిరుచిపరుల పనిగా ఇది మిగిలిపోయింది. పారిశ్రామిక, వైద్య పరికరాల్లో ఎంఎక్స్‌ఎం ఇప్పటికీ వాడుకలో ఉంది కానీ సాధారణ కొనుగోలుదారు చేతికి వచ్చే ల్యాప్‌టాప్‌లలోంచి తప్పుకుంది.

2019లో డెల్‌కు చెందిన ఏలియన్‌వేర్ ‘ఏరియా-51ఎం’ అనే భారీ ల్యాప్‌టాప్‌ను విడుదల చేస్తూ, ప్రాసెసర్‌నూ గ్రాఫిక్స్‌నూ మార్చుకునే వీలును ప్రధాన ఆకర్షణగా ప్రచారం చేసింది. గ్రాఫిక్స్ కోసం డెల్ తన సొంత నమూనా కార్డును రూపొందించింది. అదే తరంలో తక్కువ స్థాయి చిప్ నుంచి పై స్థాయికి వెళ్లడానికి కిట్‌లు అమ్మింది కూడా. తర్వాతి తరం చిప్‌లకు మాత్రం ఆ యంత్రంలో చోటు దొరకలేదంటూ ఒక కొనుగోలుదారు 2021లో కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టులో దావా వేశారు. ఆ వివాదంలో న్యాయం ఎవరి పక్షాన ఉందన్నది అలా ఉంచితే, అది లేవనెత్తిన ప్రశ్న మాత్రం ప్రతి కొనుగోలుదారుకూ పనికొస్తుంది. స్లాట్ ఉన్నంత మాత్రాన చాలదు. ఆ స్లాట్‌లో పట్టే కార్డును రేపు ఎవరు తయారుచేస్తారు?

ఆ ప్రశ్నకు ఇంతవరకు ఆచరణలో జవాబు చూపినది అమెరికాకు చెందిన ఫ్రేమ్‌వర్క్ అనే చిన్న సంస్థ. అది రూపొందించిన ‘ల్యాప్‌టాప్ 16’ 2024 తొలినాళ్లలో కొనుగోలుదారులకు చేరింది. అందులో గ్రాఫిక్స్ చిప్, దాని ఫ్యాన్లు కలిపి ఒక మాడ్యూల్‌గా యంత్రం వెనుక భాగంలో అమరుతాయి. వేడిని వదిలించుకునే ఏర్పాటు కూడా మాడ్యూల్‌తోపాటే మారుతుంది కనుక పాతకాలపు చిక్కు ఇక్కడ తప్పింది. మొదట ఏఎండీ రేడియాన్ ఆర్‌ఎక్స్ 7700ఎస్ మాడ్యూల్‌తో మొదలుపెట్టి, 2025 ఆగస్టులో ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 5070 మాడ్యూల్‌ను ఆ సంస్థ ప్రకటించింది. పాత యంత్రంలోనే కొత్త తరం చిప్, అదీ వేరే కంపెనీది, పెట్టుకునే వీలు ఏర్పడింది. మాడ్యూల్ ధర 699 డాలర్లు. అప్పటి మారకం విలువలో సుమారు 61 వేల రూపాయలు, పన్నులు, రవాణా అదనం. అంటే మన దగ్గర ఒక మోస్తరు ల్యాప్‌టాప్‌కు పెట్టే మొత్తం. సాధ్యమని రుజువైంది, చౌక అని రుజువు కాలేదు.

దుకాణంలో వినిపించే ‘అప్‌గ్రేడ్’

సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, చెన్నైలోని రిచీ స్ట్రీట్, బెంగళూరులోని ఎస్‌పీ రోడ్డు, ఢిల్లీలోని నెహ్రూ ప్లేస్ వంటి చోట్ల ‘చిప్ లెవెల్ సర్వీస్’ అన్న బోర్డులు వరుసగా కనిపిస్తాయి. అక్కడి కారిగర్ల నైపుణ్యాన్ని తక్కువ చేయలేం. అతికించిన చిప్‌ను వేడిగాలి యంత్రంతో లేపి, అడుగున టంకపు గుండ్లను కొత్తగా పేర్చి తిరిగి కూర్చోబెట్టడం వారికి రోజువారీ పని. దాన్నే ‘రీబాలింగ్’ అంటారు. చెడిన చిప్ స్థానంలో అదే రకం చిప్‌ను పెట్టడం ఈ పద్ధతిలో వీలవుతుంది. అది మరమ్మతు. ఇంకా శక్తిమంతమైన చిప్‌ను పెట్టడం మరో సంగతి. కాళ్ల అమరిక, విద్యుత్ భాగాలు, మెమరీ, బయోస్ అన్నీ కొత్త చిప్‌కు సరిపోతేనే అది పనిచేస్తుంది. అలా సరిపోయే సందర్భాలు మామూలు వినియోగదారు ఖర్చు పెట్టదగినంతగా లేవు.

కొన్ని దుకాణాలు మరో దారి సూచిస్తాయి. ఒకే మోడల్ ల్యాప్‌టాప్ రెండు మూడు రకాల గ్రాఫిక్స్ చిప్‌లతో వస్తుంది. తక్కువ రకం మదర్‌బోర్డు తీసేసి ఎక్కువ రకం మదర్‌బోర్డును బిగించవచ్చు. ఇది సాంకేతికంగా జరిగే పనే. అయితే బోర్డుతోపాటు దానికి తగిన రాగి గొట్టాల అమరిక, ఫ్యాన్లు, ఎక్కువ వాట్ల చార్జర్ కూడా కావాలి. దొరికేవి ఎక్కువగా పాడైన యంత్రాల నుంచి తీసిన బోర్డులు. అసలు కంపెనీ వారంటీ అక్కడితో చెల్లు. పాత ల్యాప్‌టాప్‌ను అమ్మి, ఈ ఖర్చును దానికి కలిపి, కావలసిన చిప్ ఉన్న మరో యంత్రం కొనడమే చాలా సందర్భాల్లో లాభసాటి.

అతికించిన చిప్ చెడితే ఏమవుతుందో 2008 నాటి ఉదంతం చెబుతుంది. ఆ ఏడాది జులైలో ఎన్‌విడియా తన ల్యాప్‌టాప్ గ్రాఫిక్స్ చిప్‌లలో లోపం వల్ల ఎదురయ్యే ఖర్చుల కోసం 15 కోట్ల నుంచి 20 కోట్ల డాలర్లు కేటాయిస్తున్నట్టు ప్రకటించింది. యంత్రం వాడినప్పుడు వేడెక్కడం, ఆపినప్పుడు చల్లబడటం పదే పదే జరిగి చిప్ ప్యాకేజీ లోపలి టంకపు బిందువులు పగిలిపోయేవి. తెర నల్లబడేది, లేదా గీతలు పడేది. చిప్ మార్చడానికి వీల్లేదు కనుక మదర్‌బోర్డు మొత్తాన్నీ మార్చాల్సి వచ్చేది. డెల్, హెచ్‌పీ, ఆపిల్ ల్యాప్‌టాప్‌లు కొన్నవారు ఆ బాధ పడ్డారు. రీబాలింగ్‌తో బాగుచేస్తామన్న దుకాణాలు అప్పుడు పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చాయి. పగులు చిప్ లోపల ఉన్నప్పుడు బయటి గుండ్లు మార్చి ప్రయోజనం లేదు. వేడి చేసినప్పుడు లోపలి అతుకు తాత్కాలికంగా కలిసి కొన్ని వారాలో నెలలో పనిచేసి మళ్లీ మొదటికి వచ్చేది. వేడిగాలి పెట్టి ‘బాగుచేసిన’ గ్రాఫిక్స్ మీద ఇవాళ్టికీ చాలా దుకాణాలు దీర్ఘకాలపు హామీ ఇవ్వకపోవడానికి కారణం ఇదే.

బయట పెట్టుకునే కార్డు

లోపల చోటు లేనప్పుడు బయట పెట్టవచ్చన్న ఆలోచన నుంచి వచ్చింది ‘ఎక్స్‌టర్నల్ జీపీయూ’. డెస్క్‌టాప్ కార్డును ఒక విడి పెట్టెలో అమర్చి, దానికి సొంతంగా విద్యుత్తు ఇచ్చి, ఒక్క తీగతో ల్యాప్‌టాప్‌కు కలుపుతారు. 2015లో థండర్‌బోల్ట్ 3 వచ్చాక ఇది ఆచరణయోగ్యమైంది.

ఇక్కడ ఇరుకంతా తీగలోనే ఉంది. డెస్క్‌టాప్‌లో నాలుగో తరం స్లాట్ సెకనుకు సుమారు 256 గిగాబిట్ల దత్తాంశాన్ని అటూ ఇటూ పంపగలదు. థండర్‌బోల్ట్ 3, 4 తీగల మొత్తం వేగం 40 గిగాబిట్లు. అందులో గ్రాఫిక్స్ కార్డు వంతుకు వచ్చేది గరిష్ఠంగా 32, అంటే ఎనిమిదో వంతు. నాలుగు వరుసల రోడ్డు సందులోకి మళ్లినట్టు శక్తిమంతమైన కార్డు కూడా తీగ దగ్గర ఆగి ఆగి నడుస్తుంది. ఆటల్లో ఈ నష్టం బాగా తెలుస్తుంది. తయారైన దృశ్యం మళ్లీ అదే తీగ గుండా వెనక్కి ల్యాప్‌టాప్ తెరకు రావాలంటే నష్టం ఇంకా పెరుగుతుంది. పెట్టెకే విడి మానిటర్ తగిలిస్తే కొంత తగ్గుతుంది. మెషీన్ లెర్నింగ్ వంటి పనుల్లో దత్తాంశం ఒకసారి కార్డు మెమరీలో చేరాక లెక్కలన్నీ అక్కడే జరుగుతాయి కనుక తీగ ఇరుకు అంతగా బాధించదు. ఈ ఏర్పాటును నిజంగా వాడుకోగలిగేవారు ఎవరైనా ఉంటే వారే. 2023లో ప్రకటించిన థండర్‌బోల్ట్ 5 ఈ వేగాన్ని రెట్టింపు చేసి 80 గిగాబిట్లకు తెచ్చింది కానీ అది ఇంకా ఖరీదైన యంత్రాలకే పరిమితం.

ముందుగా చూసుకోవాల్సింది ల్యాప్‌టాప్‌కు ఆ పోర్టు ఉందో లేదో. టైప్-సి రంధ్రం ఉన్నంత మాత్రాన థండర్‌బోల్ట్ ఉన్నట్టు కాదు. పోర్టు పక్కన చిన్న మెరుపు గుర్తు ఉండాలి, కంపెనీ ఇచ్చిన వివరాల పట్టికలో ఆ పేరు కనిపించాలి. మధ్యతరగతి కుటుంబాలు కొనే చాలా మోడళ్లలో అది ఉండదు. ఆపిల్ విషయంలో ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న మ్యాక్‌లకు 2018లో ఈ సౌకర్యం కల్పించినా సొంత చిప్‌లకు మారాక దాన్ని వదిలేసింది. ఎస్‌ఎస్‌డీ పెట్టే స్లాట్‌ను ఇందుకు మళ్లించి, ల్యాప్‌టాప్ అడుగు మూత తెరిచి ఉంచి కార్డు తగిలించేవారూ ఉన్నారు. అది సరదాపడేవారి ప్రయోగమే తప్ప హాస్టల్ గదిలో నాలుగేళ్లు నడిచే ఏర్పాటు కాదు. పెట్టె, పవర్ సప్లై, కార్డు, మానిటర్ ఖర్చులన్నీ కూడితే దాదాపు ఒక డెస్క్‌టాప్ ధర తేలుతుంది. ఇంట్లో కదలకుండా కూర్చుని చేసే పనికి డెస్క్‌టాప్ కొనడమే మేలు.

ఉన్నదానితో చేయగలిగినవి

విడి చిప్ లేని ల్యాప్‌టాప్‌లకు వర్తించే, అంతగా ప్రచారం లేని ఉపాయం ఒకటుంది. ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ ర్యామ్ మీదే ఆధారపడుతుంది కనుక ర్యామ్ ఎంత వేగంగా అందితే అది అంత చురుగ్గా పనిచేస్తుంది. చాలా కంపెనీలు ధర తగ్గించడానికి రెండు స్లాట్లలో ఒకదాన్ని ఖాళీగా వదిలేస్తాయి. ఆ ఖాళీలో అదే వేగం, అదే పరిమాణం ఉన్న రెండో ర్యామ్ పెడితే దారి రెండింతలవుతుంది. ఐరిస్ ఎక్స్‌ఈ ఉన్న ఇంటెల్ ప్రాసెసర్ల విషయంలో ఈ తేడా పేరులోనే కనిపిస్తుంది. ఒక్క ర్యామే ఉంటే విండోస్ దాన్ని ‘యూహెచ్‌డీ గ్రాఫిక్స్’ అని చూపుతుంది. రెండోది చేరగానే ‘ఐరిస్ ఎక్స్‌ఈ’గా చూపుతుంది. ల్యాప్‌టాప్ గ్రాఫిక్స్‌ను ఇంటి దగ్గర ‘అప్‌గ్రేడ్’ చేసుకోగలిగిన సందర్భం ఏదైనా ఉందంటే ఇదే. ర్యామ్‌ను కూడా బోర్డుకే అతికించిన మోడళ్లలో ఈ అవకాశమూ లేదు.

విడి చిప్ ఉన్నవారిలో కొందరి సమస్య వేరు. చిప్ ఉంది, కానీ పనిచేయడం లేదు. బ్యాటరీ ఆదా కోసం విండోస్ కొన్ని సాఫ్ట్‌వేర్లను ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌తోనే నడిపిస్తుంది. సెట్టింగ్స్‌లో ‘సిస్టమ్’, ‘డిస్‌ప్లే’, ‘గ్రాఫిక్స్’ వరుసగా తెరిచి, కావలసిన సాఫ్ట్‌వేర్‌కు ‘హై పెర్ఫార్మెన్స్’ ఎంచుకోవాలి. చార్జర్ తగిలించకుండా బ్యాటరీపై నడిపితే విడి చిప్ వేగం బాగా పడిపోతుందన్నదీ గుర్తుంచుకోవాలి. రెండు మూడేళ్లు వాడిన యంత్రంలో ఫ్యాన్ల దుమ్ము తీయించి, చిప్‌పై ఎండిపోయిన థర్మల్ పేస్ట్ మార్పిస్తే వేడి తగ్గి, కోల్పోయిన వేగం కొంత తిరిగి వస్తుంది.

చదువు కోసమే గ్రాఫిక్స్ శక్తి కావలసినవారికి యంత్రం మార్చనక్కరలేని మార్గం ఇంటర్నెట్‌లో ఉంది. గూగుల్ కోలాబ్, కాగిల్ వేదికలు పరిమిత గంటల పాటు ఉచితంగానే జీపీయూలను వాడుకోనిస్తాయి. 2024 మార్చిలో కేంద్ర మంత్రివర్గం రూ.10,371.92 కోట్లతో ఆమోదించిన ఇండియా ఏఐ మిషన్ కింద విద్యార్థులకు, పరిశోధకులకు, అంకుర సంస్థలకు రాయితీపై జీపీయూలను అందించే ఏర్పాటు జరిగింది. త్రీడీ డిజైన్, వీడియో ఎడిటింగ్ చేసేవారికి మాత్రం ఇవి అంతగా అక్కరకు రావు; వారి పని చేతిలోని యంత్రంలోనే జరగాలి.

కొనేటప్పుడు చూడవలసినవి

తర్వాత మార్చలేని భాగం గనుక గ్రాఫిక్స్‌కే ముందు ఖర్చు పెట్టి, ర్యామ్, ఎస్‌ఎస్‌డీలను తర్వాత పెంచుకునే వీలున్న మోడల్ ఎంచుకోవడం తెలివైన పద్ధతి. దుకాణాల్లో తరచూ దీనికి తలకిందులుగా జరుగుతుంది. 1 టీబీ ఎస్‌ఎస్‌డీ, 16 జీబీ ర్యామ్ అని ఊరించి గ్రాఫిక్స్ దగ్గర కోత పెడతారు.

పేరును గుడ్డిగా నమ్మడం కూడా నష్టమే. ఆర్‌టీఎక్స్ 4090 అన్న పేరు డెస్క్‌టాప్ కార్డుకూ ఉంది, ల్యాప్‌టాప్ చిప్‌కూ ఉంది. మొదటిదాంట్లో 24 జీబీ మెమరీ ఉంటే రెండోదాంట్లో 16 జీబీ. లోపలి చిప్ కూడా వేరే, చిన్నది. ఒకే పేరున్న ల్యాప్‌టాప్ చిప్‌లలోనూ తేడాలుంటాయి. ఆర్‌టీఎక్స్ 4060ను 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఏ పరిమితితోనైనా అమర్చుకునే స్వేచ్ఛ ల్యాప్‌టాప్ కంపెనీలకు ఉంది. పలుచని యంత్రంలో తక్కువ వాట్లతో నడిచే పై స్థాయి చిప్, మందపాటి యంత్రంలో పూర్తి వాట్లతో నడిచే కింది స్థాయి చిప్ కంటే వెనకబడే సందర్భాలు ఉన్నాయి. ధరల చీటీపై ఈ వాట్ల సంఖ్య కనిపించదు. కంపెనీ వెబ్‌సైట్‌లోని వివరాల పట్టికలో ‘టీజీపీ’ అన్న పేరుతో వెతకాలి.

కొన్న వస్తువును విప్పి బాగుచేసుకునే హక్కు గురించి ప్రభుత్వాలూ ఆలోచిస్తున్నాయి. ఫ్రాన్స్ 2021 జనవరి నుంచి ల్యాప్‌టాప్‌లపై ‘మరమ్మతు సూచీ’ ముద్రించడాన్ని తప్పనిసరి చేసింది. మన దేశంలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో ‘రైట్ టు రిపేర్’ పోర్టల్‌ను ప్రారంభించింది. ఇలాంటి సూచీని రూపొందించడానికి 2024లో వేసిన కమిటీ 2025 మేలో నివేదిక సమర్పించింది. తొలి దశలో దృష్టి స్మార్ట్‌ఫోన్లు, ట్యాబ్లెట్ల మీదే. ఈ సూచీలు కొలిచేది బాగుచేసుకునే వీలును. ఎక్కువ మార్కులు వచ్చిన ల్యాప్‌టాప్‌లోనూ గ్రాఫిక్స్ చిప్ బోర్డుకు అతుక్కునే ఉండవచ్చు.

అందుకే ‘గ్రాఫిక్స్ కార్డు తర్వాత వేయించుకోవచ్చు’ అని అమ్మకందారు హామీ ఇస్తే ఆ మాటను, ఏ కార్డు, ఎవరు వేస్తారన్న వివరంతో సహా బిల్లుపై రాసిమ్మని అడగాలి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం వస్తువు గురించి తప్పుడు మాట చెప్పి అమ్మడాన్ని, నోటితో చెప్పినా కాగితంపై చెప్పినా, అనుచిత వ్యాపార పద్ధతిగానే పరిగణిస్తుంది. నోటిమాటను రుజువు చేయడం కష్టం. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసినప్పుడు చేతిలో ఉండవలసింది ఆ బిల్లే.